కింద దేవుడి పేరుంటే పురాణం, లేకపోతే బూతు

డచ్ చిత్రకారుడు రెంబ్రాంట్ 1631 ప్రాంతంలో చేసిన రెండు చిన్న ఎచింగ్‌లు (రాగి రేకు మీద యాసిడ్‌తో గీతలు తినిపించి అచ్చేసే బొమ్మలు) పక్కపక్కన పెట్టుకుని చూడండి. ఆమ్‌స్టర్‌డామ్ రైక్స్‌మ్యూజియం వాళ్ళ సైట్‌లో ఇలాంటివన్నీ ఫ్రీగా పెట్టారు, ఎంత జూమ్ చేసినా బొమ్మ పగలదు. రెండూ దాదాపు ఒకే సైజు, ఎత్తు 18 సెంటీమీటర్లకి అటూ ఇటూ. మొదటిదాంట్లో ఒకావిడ ఆరుబయట దిబ్బ మీద ఒంటిమీద నూలుపోగు లేకుండా కూర్చుని తల తిప్పి మనవైపు చూస్తుంటుంది. దేవకన్యలా ఏం ఉండదు. పొట్ట జారి మడతలు పడి ఉంటుంది, తొడలు మామూలు మనిషి తొడలు, మొహంలో కూడా 'ఏంటి చూస్తున్నావ్' అన్నట్టు ఒక చూపు. రెండోదాంట్లో కూడా అలాంటి ఒళ్ళే, అలాంటి కూర్చోడమే, అదే చూపు. కాకపోతే ఈవిడ నీళ్ళ ఒడ్డున ఉంది, పక్కన ఒక అమ్ములపొది పడి ఉంది.

ఆ అమ్ములపొది వల్ల రెండో ఆవిడ డయానా అయిపోయింది, వేట దేవత, దేవతల రాజు జూపిటర్ కూతురు. మొదటి ఆవిడకి పేరు లేదు, కేటలాగుల్లో 'దిబ్బ మీద కూర్చున్న నగ్న స్త్రీ' అని ఉంటుంది, అంతే.

దీనిమీద ఆ శతాబ్దంలోనే గొడవయ్యింది. 1681లో ఆండ్రిస్ పెల్స్ అనే డచ్ కవి రెంబ్రాంట్‌ని ఒక పద్యంలో ఉతికి ఆరేశాడు, ఈయన నగ్న స్త్రీని గియ్యాలంటే గ్రీకు వీనస్‌ని పెట్టుకోడు, బట్టలుతికే ఆవిడనో కొట్టంలో బురద తొక్కే ఆవిడనో తెచ్చి కూర్చోబెడతాడు, జారిన రొమ్ములు, నడుం దగ్గర బిగుతు బట్టల అచ్చులు, కాళ్ళమీద మేజోళ్ళ పట్టీల గుర్తులు అన్నీ అలాగే దింపేస్తాడు అని. గమనించండి, పెల్స్ బాధ నగ్నంగా గీశాడని కాదు. ఆ నగ్నత్వం పక్కింటావిడలా ఉంది అని. ఇంటికెళ్ళి బట్టలేసుకునే మనిషిలా ఉందని.

ఇక్కడే నా వాదన మొదలవుతుంది. యూరప్‌లో మూడొందల ఏళ్ళపాటు అచ్చయిన గ్రీకు, రోమన్ పురాణాల ఎన్‌గ్రేవింగ్‌లు (రాగి రేకు మీద చేత్తో చెక్కి అచ్చేసిన బొమ్మలు) చూసి మనం 'అబ్బ, వాళ్ళకి వాళ్ళ క్లాసిక్స్ మీద ఎంత భక్తో' అనుకుంటాం కదా, అందులో సగం భక్తే, కాదనను. మిగతా సగం మాత్రం బండి మీద 'ప్రెస్' అని స్టిక్కర్ అంటించుకుని తిరగడం లాంటిదే. ట్రాఫిక్‌వాడు ఆపడు. లోపల ఉన్నవాడు రిపోర్టరా కాదా అని ఎవరూ అడగరు. ఇంకో మాట కూడా ఉంది, ఆ స్టిక్కర్ బొమ్మకి ఇచ్చింది కాదు, చూసేవాడికి ఇచ్చింది. ఎవరు చూడొచ్చు, ఎవరు చూడకూడదు అన్నదే అసలు లెక్క.

ఎన్‌గ్రేవింగే ఎందుకు, పెయింటింగ్‌లు లేవా అంటే ఉన్నాయి, కానీ పెయింటింగ్ ఒక రాజుగారి గోడమీద ఉంటుంది, కింద పేరు రాసి ఉండదు, వచ్చినవాళ్ళకి రాజుగారే చెప్పుకుంటాడు. అచ్చు బొమ్మ అలా కాదు. అది బజార్లో అమ్ముడవుతుంది, ఎవడి చేతికి పోతుందో తెలీదు, అందుకని దాని కింద పేరూ పద్యమూ కూడా అదే రాగి రేకు మీద చెక్కాల్సి వచ్చేది. ఆ చెక్కడం ఎంత కష్టమో తెలిస్తే ఆ కింది రాత ఎంత ముఖ్యమో అర్థమవుతుంది.

నున్నగా పాలిష్ పట్టిన రాగి రేకుని ఇసక నింపిన తోలు దిండు మీద పెట్టుకుంటారు. పనిముట్టు పేరు బురిన్, సన్నటి ఉక్కు కడ్డీ, మొన ఏటవాలుగా కోసి ఉంటుంది, పిడి పుట్టగొడుగులా గుండ్రంగా ఉండి అరచేతిలో ఇరుక్కుంటుంది. దాన్ని పెన్నులా లాగరు, ముందుకి తోస్తారు. వంపు గీత కావాలంటే చెయ్యి తిప్పడం కాదు, రెండో చేత్తో రేకునే తిప్పుతారు. కాస్త ఎక్కువ నొక్కితే గాడి లోతై గీత లావవుతుంది, తగ్గిస్తే వెంట్రుకలా సన్నబడుతుంది. పక్కన లేచిన రాగి అంచుని గీకేసి, రేకంతా సిరా పులిమి, గుడ్డతో తుడిచి ఆ తర్వాత అరచేత్తో కూడా తుడిస్తే పైన సిరా పోయి గాళ్ళలో మాత్రం మిగులుతుంది. దానిమీద తడి కాగితం వేసి రెండు రోలర్ల మధ్యనుంచి గట్టిగా లాగితే కాగితం ఆ గాళ్ళలోకి వెళ్ళి సిరాని పీల్చుకుంటుంది. వచ్చే బొమ్మ అద్దంలోలాగా, కుడి ఎడమైపోయి వస్తుంది. అంటే కింద రాసే లాటిన్ పద్యం మొత్తం తిరగేసి చెక్కాలి, ఒక్కో అక్షరం. దానికి వేరేగా అక్షరాలు చెక్కేవాళ్ళే ఉండేవారు చాలాచోట్ల. ఊరికే సరదాకి ఎవడూ అంత కష్టపడడు.

ఆ కింది అంచులోనే పనివాళ్ళ పేర్లూ ఉంటాయి, 'ఇన్వెనిట్' పక్కన ఉన్నవాడు బొమ్మ ఊహించినవాడు, 'స్కల్ప్‌సిట్' పక్కన చెక్కినవాడు, 'ఎక్స్‌కుడిట్' పక్కన అచ్చేసి అమ్మినవాడు. కేసు పెట్టాలన్నా అడ్రస్ అక్కడే దొరుకుతుందన్నమాట.

ఇప్పుడు మార్కాంటోనియో రైమొండి దగ్గరికి వద్దాం, ఎందుకంటే ఈ కథకి హీరో, బలిపశువు రెండూ ఆయనే. బొలోన్యా వైపు మనిషి. కుర్రతనంలో వెనిస్‌లో ఉన్నప్పుడు జర్మన్ చిత్రకారుడు ఆల్బ్రెక్ట్ డ్యూరర్ చెక్క అచ్చుల్ని రాగి మీద కాపీ కొట్టి, డ్యూరర్ సంతకం గుర్తుతో సహా దింపేసి అమ్మేశాడు, డ్యూరర్ వచ్చి వెనిస్ ప్రభుత్వానికి కంప్లైంట్ చేస్తే 'బొమ్మ కాపీ కొట్టుకో గానీ ఆ గుర్తు మాత్రం వెయ్యకు' అన్నారని ఆ కాలపు చిత్రకారుల జీవితకథలు రాసిన వసారి రాశాడు. వసారి కథలు కొంచెం మసాలా వేసే ఉంటాయి, అది వేరే సంగతి. తర్వాత రోమ్ వెళ్ళి రఫేల్ దగ్గర చేరాడు. రఫేల్ గీసిస్తాడు, ఈయన చెక్కుతాడు, బవియేరా అని రఫేల్ అసిస్టెంట్ ఒకడు అచ్చూ వ్యాపారమూ చూసుకుంటాడు. యూరప్ మొత్తానికి రఫేల్ బొమ్మలు ఎలా ఉంటాయో తెలిసింది ఈ కాగితాల వల్లే.

వాళ్ళు చేసినవాటిలో 'పారిస్ తీర్పు' అని ఒక పెద్ద ఎన్‌గ్రేవింగ్ ఉంది, 1510 నుంచి 1520 మధ్యలోది. ముగ్గురు దేవతల్లో ఎవరు అందగత్తో తేల్చమంటే పారిస్ యాపిల్ తీసి వీనస్‌కి ఇచ్చే సీను, దాంతోనే ట్రోయ్ యుద్ధానికి నిప్పు రాజుకుంది. పైన సూర్యుడి రథం, రాశిచక్రం, మబ్బుల మీద జూపిటర్, కింద నిండా నగ్న దేహాలు, ఒక్కళ్ళంటే ఒక్కళ్ళు ఒద్దికగా లేరు. కింద లాటిన్‌లో చెక్కింది ఏంటంటే, అందం ముందు తెలివీ గుణమూ రాజ్యాలూ బంగారమూ అన్నీ దిగదుడుపే అని. పోప్ ఉండే ఊర్లో ఈ బొమ్మ హాయిగా అమ్ముడయ్యింది. ఎవరూ ఏమీ అనలేదు. దీని కుడి మూలలో ముగ్గురు కూర్చుని ఉంటారు, ఇద్దరు నదీ దేవుళ్ళు, ఒక జలకన్య, ఆవిడ గడ్డం కింద చెయ్యి పెట్టుకుని మనల్ని చూస్తుంటుంది. ఆ మూలని గుర్తుపెట్టుకోండి, పని ఉంది.

రఫేల్ 1520లో పోయాడు. ఆయన శిష్యుడు జూలియో రొమానో పదహారు సంభోగ భంగిమలు గీశాడు, మార్కాంటోనియో వాటిని చెక్కాడు, 1524లో అవి బజార్లోకి వచ్చాయి. వాటిలో దేవుడూ లేడు, దేవతా లేదు. ఆడా మగా, మంచం, అంతే. పోప్ క్లెమెంట్ 7 దగ్గర పనిచేసే గిబెర్తి అనే పెద్దాఫీసరు అగ్గిమీద గుగ్గిలం అయ్యాడు, కాపీలు దొరికినవి దొరికినట్టు నాశనం చేయించారు, మార్కాంటోనియోని జైల్లో తోశారు. ఒక కార్డినల్, బాందినెల్లి అనే శిల్పి అడ్డుపడి బతిమాలితే గానీ బయటికి రాలేదు. ఆ కాపీల్ని ఎంత శుభ్రంగా తుడిచిపెట్టారంటే ఇవాళ బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నవి తొమ్మిది ముక్కలు, ఎక్కువ తలలూ భుజాలే, అసలు విషయం ఉన్న భాగం ఎవరో కత్తిరించి పారేశారు.

మరి గీసిన జూలియో రొమానో సంగతేంటి? ఆయనకి చీమ కుట్టినట్టు కూడా కాలేదు. ఆ 1524లోనే మాంతువా వెళ్ళిపోయి అక్కడి పాలకుడు (తర్వాత డ్యూక్ అయ్యాడు) ఫెదెరికో గొంజాగా ఆస్థానంలో సెటిలయ్యాడు. అక్కడ పలాజ్జో తే అనే విలాస భవనంలో ఒక గది గోడలకి పురాణాలు వేశాడు. అందులో జూపిటర్ సగం పాము రూపంలో, పూర్తి ఉద్రేకంతో, దాచకుండా చూపించి, అలెగ్జాండర్ తల్లి ఒలింపియాస్ మీదికి వస్తుంటాడు. రోమ్‌లో కాల్చేసిన కాగితాలకంటే ఇదేం తక్కువ కాదు. దాంట్లో నాకు భలే నచ్చే వివరం ఒకటుంది, మొగుడు ఫిలిప్ తలుపు సందులోంచి తొంగిచూస్తుంటే గద్ద వచ్చి వాడి కన్ను పొడుస్తుంది. తొంగిచూసినవాడికి శిక్ష! గోడ ముందు నిలబడి వైన్ తాగుతూ చూసే డ్యూక్ గారి అతిథులకి మాత్రం ఏ గద్దా రాదు. గోడ మీద ఉన్నది జూపిటర్ కాబట్టి అది కల్చర్, చూసేది డ్యూక్ గారి చుట్టాలు కాబట్టి అది సరసం. అదే బజార్లో రెండు నాణేలకి దొరికే కాగితమైతే, చూసేవాడు గుమాస్తా అయితే, అది నేరం.

ఇక దీనికి కొసమెరుపు. సరిగ్గా మూడేళ్ళకి, 1527లో, అదే బవియేరా, రఫేల్ దగ్గరి వ్యాపారస్తుడే, ఇంకో ఎన్‌గ్రేవర్ యాకొపో కరాల్యో చేత 'దేవతల ప్రేమలు' అని ఇరవై ప్లేట్ల సిరీస్ చేయించాడు. మొదటి రెండు బొమ్మలు రొస్సో ఫియొరెంతీనో గీసిచ్చాడు, తర్వాత ఇద్దరికీ చెడింది, మిగతావి పెరీనో దెల్ వాగా గీశాడు. అందరూ అదే రఫేల్ సర్కిల్ చుట్టూ తిరిగినవాళ్ళే, అదే ఊరు, అదే పోప్. ఒళ్ళుల మెలికలు కూడా అదే ఫ్యామిలీ. తేడా ఏంటంటే మగాడి పక్కన పిడుగో త్రిశూలమో ఉంటుంది, లేదా తలకి రెక్కల టోపీ ఉంటుంది, కింద పద్యం ఉంటుంది. ఎవర్నీ జైల్లో వెయ్యలేదు. కరాల్యో తర్వాత పోలండ్ రాజు కొలువుకి పోయి రత్నాలు చెక్కుకుంటూ దర్జాగా బతికాడు. మార్కాంటోనియోకి మాత్రం ఆ 1527లోనే రోమ్ మీద సైన్యాలు పడి దోచుకున్నప్పుడు ఉన్నదంతా ఊడ్చుకుపోయింది, బొలోన్యాకి వట్టి చేతులతో పోయాడంటారు.

ఇంకా నమ్మకం కుదరకపోతే 1798 పారిస్ చూడండి. జాక్ జోసెఫ్ క్వానీ అనే ఎన్‌గ్రేవర్ ఒక భంగిమల పుస్తకం చెక్కాడు, ఆ పదహారు భంగిమలకి పద్యాలు కట్టిన కవి అరెతీనో పేరూ, ఇటలీ చిత్రకారుడు అగొస్తీనో కర్రాచ్చీ పేరూ తగిలించి. ఆ జైలు పుస్తకం వారసత్వమే. కానీ ఈసారి ఒక్కో ప్లేటుకి ఒక్కో జంట పేరు, మార్స్ వీనస్ అని ఒకటి, జూపిటర్ జూనో అని ఒకటి, ఈనియస్ డైడో, ఆంటోనీ క్లియోపాత్రా కూడా. నగ్నంగా ఉన్న జంటలో ఎవరు ఆంటోనీయో ఎవరు ఈనియసో ఎలా తెలుస్తుంది చెప్పండి? తెలీదు. కింద రాస్తే తెలుస్తుంది.

'మన గుళ్ళ మీద లేవా ఇవన్నీ' అని ఈపాటికి ఎవరో ఒకరికి అనిపించే ఉంటుంది. ఉన్నాయి. గుళ్ళకంటే దగ్గరిది చెప్తా, క్షేత్రయ్య పదాలు. 'మువ్వగోపాల' అనే ముద్ర తీసేసి చదవండి, సాని ఇంట్లో విటుడితో సాని మాట్లాడే మాటలు, బేరంతో సహా. ముద్ర ఉంది కాబట్టి జీవాత్మ పరమాత్మ అని వ్యాఖ్యానాలు వచ్చాయి, కచేరీల్లో పెద్దపెద్దవాళ్ళు కూర్చుని విన్నారు. సరే, అదే లెక్కన ముద్దుపళని రాసిన 'రాధికా సాంత్వనం'లో ఉన్నది కూడా రాధా కృష్ణులేగా? తంజావూరు ఆస్థానంలో ఉన్నన్నాళ్ళూ ఏ గొడవా లేదు. 1910లో బెంగుళూరు నాగరత్నమ్మ గారు దాన్ని పరిష్కరించి వావిళ్ళ వారి చేత అచ్చేయించేసరికి కొంప మునిగింది, వీరేశలింగం పంతులు గారు అప్పటికే ఆ కవయిత్రిని తిట్టిపోసి ఉన్నారు, బ్రిటిష్ ప్రభుత్వం పుస్తకాన్ని నిషేధించింది, టంగుటూరి ప్రకాశం పంతులు గారు పూనుకుంటే గానీ ఆ నిషేధం పోలేదు. సాక్షాత్తూ కృష్ణుడి పేరున్నా స్టిక్కర్ పనిచెయ్యలేదు. ఎందుకంటే రాసింది వేశ్య, అచ్చేయించింది దేవదాసి, అచ్చయ్యాక అది రాజుగారి కొలువు దాటి బజార్లోకొచ్చింది. అందుకే అంటున్నా, దేవుడి పేరు ఒక్కటే చాలదు, పట్టుకున్న చెయ్యి ఎవరిదో కూడా చూస్తారు. రోమ్‌లో గీసినవాడు ఆస్థాన చిత్రకారుడు, తప్పించుకున్నాడు, చెక్కినవాడు పనివాడు, లోపలికి పోయాడు.

అన్నీ ఈ ఒక్క కళ్ళజోడుతోనే చూస్తే అన్యాయమే, గోల్ట్‌జియస్ లాంటివాళ్ళు ఉన్నారు మరి. నెదర్లాండ్స్‌లో హార్లెం ఊరాయన, 1558లో పుట్టాడు. పసివాడుగా ఉన్నప్పుడు నిప్పుల్లో పడి కుడిచెయ్యి కాలిపోయింది, వేళ్ళు ఇక జన్మలో పూర్తిగా తెరుచుకోలేదు. ఆ ముడుచుకుపోయిన చేతినే 1588లో ఆయన ఇంకుతో గీసిపెట్టాడు, చూస్తే బురిన్ పట్టుకోడానికే అలా అయ్యిందా అనిపిస్తుంది. అదే ఏడాది నలుగురు పతితుల్ని చెక్కాడు, టాంటలస్, ఇకారస్, ఫేతాన్, ఇక్సియాన్, నలుగురూ దేవుళ్ళతో పెట్టుకుని ఆకాశంలోంచి కిందపడుతుంటారు, గుండ్రటి ఫ్రేములో, చుట్టూ అంచు మీద లాటిన్ నీతిపద్యం తిరుగుతుంటుంది. పడేవాడి అరికాలు మన మొహమ్మీదికి వచ్చినట్టుంటుంది. ఒంటిమీద కండ ఉబ్బినచోట గీతలు లావై, పల్లంలో సన్నబడి, ఒకదాన్నొకటి దాటుతూ వజ్రాకారపు గళ్ళు కడతాయి, ఆ గళ్ళ మధ్యలో మళ్ళీ చుక్కలు. జూమ్ చేస్తే మనిషి మాయమై వట్టి గీతల వల మిగులుతుంది. ఇందులో సరసం ఏముంది, ఏమీ లేదు, ఉన్నదల్లా చేతి పనితనం గొప్పతనం. అయినా చూడండి, ఇక్కడ కూడా 'మిడిసిపడితే ఇంతే' అనే నీతి లేకుండా నాలుగు నగ్న మగదేహాల్ని వట్టిగా అమ్మగలిగేవాడా? నాకు డౌటే.

గోల్ట్‌జియస్‌దే ఇంకోటి, అప్పట్లో రోమ్‌లో ఉన్న హెర్క్యులిస్ విగ్రహాన్ని వెనకనుంచి చూపిస్తాడు. విగ్రహం ముందు, కింద ఇద్దరు మామూలు మనుషులు తలెత్తి చూస్తుంటారు, వాళ్ళకి హెర్క్యులిస్ మొహం కనిపిస్తుంది, మనకి మాత్రం వీపు, పిరుదులు, వెనక్కి దాచి పట్టుకున్న బంగారు యాపిల్స్. చూడ్డం ఎలా ఉంటుందో చూపించే బొమ్మ ఇది. ఇలాంటిది వచ్చినప్పుడు నా స్టిక్కర్ థియరీ కాస్త పక్కకి జరగాల్సిందే.

కానీ ఈ స్టిక్కర్ ఖర్చు ఎవరు కట్టారు అన్నది ఇంకా చెప్పలేదు. జైలుకెళ్ళిన చెక్కేవాడు ఒకడు. ఇంకొకరు, కథలో ఉన్న ఆడపిల్ల.

'దేవతల ప్రేమలు' అని పేరు పెట్టారు కదా, పురాణాల్లో ఆ ప్రేమలేంటో ఒక్కసారి లిస్టేసుకోండి. ప్లూటో ప్రొసెర్పినాని పూలు కోసుకుంటుంటే ఎత్తుకుపోయాడు. జూపిటర్ ఎద్దు రూపంలో యూరోపాని సముద్రం మీద తీసుకుపోయాడు. అపోలో తరుముతుంటే డాఫ్నే పరిగెత్తలేక చెట్టయిపోయింది. వీటిలో ప్రేమ ఏది? కలిస్టో కథ ఇంకా దారుణం. డయానా చెలికత్తె, మగాళ్ళ ఊసే వద్దనుకున్న పిల్ల. జూపిటర్ సాక్షాత్తూ ఆ డయానా వేషమే వేసుకొచ్చి దగ్గరికి తీసుకున్నాడు. ఈ కథ రాసిన రోమన్ కవి ఓవిడ్ ఇక్కడ ఏమీ దాచలేదు, ఒక ఆడది ఎంత పెనుగులాడగలదో అంతా పెనుగులాడిందని, జూపిటర్ భార్య జూనో గనక అది చూసి ఉంటే ఇంత కక్ష పెట్టుకునేది కాదని రాశాడు. రెండువేల ఏళ్ళ కిందటి కవి అంత స్పష్టంగా చెప్పాడు. తొమ్మిదో నెలలో స్నానం దగ్గర కడుపు బయటపడితే డయానా వెళ్ళగొట్టింది, తర్వాత జూనో ఎలుగుబంటిని చేసింది. మనకి అహల్య గుర్తొస్తుంది, రావాలి కూడా.

ఇప్పుడు టిషియన్ వేసిన కలిస్టో బొమ్మని 1566లో కొర్నెలిస్ కోర్ట్ రాగి మీద చెక్కాడు. అద్భుతమైన పని, టిషియన్ రంగుల మెత్తదనాన్ని వట్టి నల్ల గీతల్లోకి దించాడు. కుడి ఎడమల సంగతి వదిలేసి చూడండి, ఒక పక్క డయానా చెయ్యి చాచి తీర్పు చెప్తోంది, ఇంకో పక్క చెలికత్తెలు కలిస్టో బట్టలు పైకి లాగుతున్నారు, కడుపు చూపించడానికి. అంటే ఆ బట్టలు విప్పడమే ఆ పిల్లకి జరిగే అవమానం, అదే మనకి చూడముచ్చటైన సీను. ఈ రెండూ ఒకే గీతలో ఉన్నాయి. కొన్నవాడు ఏది చూసి కొన్నాడో మీరే అనుకోండి.

అందరూ అంత తియ్యగా గియ్యలేదు. డ్యూరర్ 1516లో ఇనప రేకు మీద చేసిన ఎచింగ్ ఉంది, యునికార్న్ ఎక్కిన నగ్న పురుషుడు ఒకావిడని లాక్కుపోతుంటాడు, ఆవిడ నోరు తెరిచి అరుస్తోంది, జంతువు జూలు, మనిషి జుట్టు, మబ్బులు అన్నీ చింపిరి చింపిరిగా. కింద పేరేం లేదు, పండితులు ప్రొసెర్పినా అని పెట్టారు. రెంబ్రాంట్ కూడా ప్రొసెర్పినాని పెయింట్ చేసినప్పుడు ఆ పిల్ల ప్లూటో మొహాన్ని గోళ్ళతో రక్కుతున్నట్టు వేశాడు. వీళ్ళిద్దరూ కథ చదివి గీశారనిపిస్తుంది. మిగతా చాలామంది పేరు చదివి గీశారు.

ఇక ఆ 'పారిస్ తీర్పు' కుడి మూల దగ్గరికి వద్దాం. 1863లో ఎడ్వార్డ్ మానే అనే ఫ్రెంచ్ చిత్రకారుడు 'గడ్డి మీద భోజనం' అనే పెయింటింగ్ కోసం ఆ ముగ్గుర్నీ ఉన్నవాళ్ళని ఉన్నట్టు ఎత్తుకొచ్చి పారిస్ పక్కన ఒక తోటలో కూర్చోబెట్టాడు, అదే కాళ్ళు చాపుకోవడం, అదే గడ్డం కింద చెయ్యి, అదే చూపు. ఒక్క మార్పు చేశాడు, ఇద్దరు మగాళ్ళకి కోట్లు తొడిగాడు. ఎన్‌గ్రేవింగ్‌లో ముగ్గురూ నగ్నమే, లెక్కవేస్తే మానే బొమ్మలో బట్టలు పెరిగాయి, నగ్నత్వం తగ్గింది! అయినా సలోన్ (పారిస్‌లో జరిగే అధికారిక చిత్ర ప్రదర్శన) జ్యూరీ తిప్పికొట్టింది, తిరస్కరించిన బొమ్మల ఎగ్జిబిషన్‌లో పెడితే జనం వచ్చి నవ్వారు, ఛీ అన్నారు. ఎందుకంటే కోటు తొడుక్కున్నవాడు నదీ దేవుడు కాడు. పారిస్ కుర్రాడు. అలాంటప్పుడు పక్కనున్నావిడ కూడా జలకన్య కాదు. చూసేవాడు ఏ కోటేసుకుని వచ్చాడో బొమ్మలోవాడూ అదే కోటేసుకున్నాడు, అదీ కాలింది.

అదే ఏడాది అసలు సలోన్‌లో కబనెల్ వేసిన 'వీనస్ జననం' ఉంది. సముద్రపు అల మీద ఒళ్ళు విరుచుకుని పడుకున్న ఆవిడ, అర కన్ను మూసి, పైన బుజ్జి మన్మథులు. రెండు బొమ్మల్లో ఏది ఎక్కువ కవ్విస్తుందో గుడ్డివాడికైనా తెలుస్తుంది. దాన్ని చక్రవర్తి నెపోలియన్ 3 స్వయంగా కొనుక్కున్నాడు. మానే ఎక్కణ్ణించి ఎత్తాడో 1864లోనే ఎర్నెస్ట్ షెనో అనే విమర్శకుడు రాశాడు కూడా, కానీ ఎవరూ పట్టించుకోలేదు, 1908లో గుస్తావ్ పౌలీ మళ్ళీ తవ్వి తీసేదాకా. మూడున్నర వందల ఏళ్ళ పాత కాగితం ఒకటి స్టూడియోల్లో చేతులు మారుతూ మారుతూ వచ్చి ఇంత రభస చేసింది. కాపీ చెక్కుకునేవాళ్ళు అని తేలిగ్గా తీసేసే ఈ ఎన్‌గ్రేవర్లు లేకపోతే అదీ లేదు, రఫేల్ గీసిన అసలు డ్రాయింగ్ కూడా ఇప్పుడు లేదు, మిగిలింది మార్కాంటోనియో కాగితమే.

ఇప్పటి సంగతి ఏంటంటే స్టిక్కర్ చూసే ట్రాఫిక్‌వాడే పోయాడు, కెమెరా వచ్చింది. ఆమధ్య ఒక యాప్‌లో నేను రెంబ్రాంట్ డయానాని పెడితే నిమిషాల్లో తీసేశారు, అప్పీల్ చేస్తే అదే రెడీమేడ్ మెసేజ్. అమ్ములపొది కనిపిస్తోంది కదయ్యా అని ఎవరికి చెప్పుకోను? వియన్నా టూరిజం వాళ్ళకే ఈ తిప్పలు తప్పలేదు, అక్కడి మ్యూజియం బొమ్మలు సోషల్ మీడియాలో ఆగట్లేదని 2021లో పోయి పోయి ఓన్లీఫ్యాన్స్‌లో, అంటే పెద్దలకి మాత్రమే అనే బొమ్మలకి పేరుపడ్డ సైట్‌లో, అకౌంట్ తెరిచారు. మెషీన్‌కి డయానా తెలీదు, దిబ్బ మీద ఆవిడా తెలీదు, రెండూ చర్మమే. నాకు కోపం వచ్చిన మాట నిజమే గానీ, ఒక రకంగా ఇద్దర్నీ సమానంగా చూసిన మొదటి సెన్సార్ ఇదేనేమో. పెల్స్ కంటే నయం.

అందుకని నేనిప్పుడు ఇలాంటివి స్నేహితులకి పంపినప్పుడు కింద రాత నేనే రాస్తున్నా. కోర్ట్ చెక్కిన కలిస్టోకి 'డయానా స్నానఘట్టం' లాంటివి పెట్టడం మానేసి, 'జూపిటర్ మోసం చేసి చెరిచిన పిల్లని, కడుపు కనపడిందని డయానా వెళ్ళగొడుతున్న సీను' అని తెలుగులో పెట్టాను. మా గ్రూప్‌లో ఒక పెద్దాయన, కళల మీద మంచి అభిరుచి ఉన్నాయనే, 'ఎందుకండీ, అంత అందమైన బొమ్మని ఆ రాతతో పాడు చేశారు' అని బాధపడ్డారు. ఆ బొమ్మ కింద ఎప్పుడూ ఏదో ఒక రాత ఉంటూనే ఉంది సార్, ఇన్నాళ్ళూ మీకు అడ్డం రాని రాత ఉంది, అంతే అన్నాను. ఆయన ఇంకా రిప్లై ఇవ్వలేదు, ఇస్తే వాదన కొనసాగిద్దాం.